డాబా మీద గోనెమూట

సారవపేట ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు లెంక జగన్నాథం మంచి మనిషే కానీ, ఒకసారి నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది.

ఎనిమిదేళ్ల కిందట బడి వార్షికోత్సవంలో ఆయన మైకు పట్టుకుని, "ఈ టీవీ మన పిల్లల బుర్రలు తినేస్తోంది. మా గుమ్మంలోకి టీవీ వచ్చిన రోజున నన్ను మాస్టారని పిలవకండి!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆయన చెవుల్లో ఉండిపోయాయి. ఊరికి ఎవరు కొత్తగా వచ్చినా, "మా హెడ్మాస్టారి ఇంట్లో టీవీ లేదు తెలుసా?" అని చెప్పేవారు. అది విన్నప్పుడల్లా ఆయన భుజం మీద కండువా సర్దుకునేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, హైమ. పదకొండో ఏట నుంచీ కబడ్డీ అంటే పడి చచ్చేది. ఆమెకు ఆట నేర్పింది ట్రాక్టర్లు బాగుచేసే తవిటినాయుడు. కుర్రతనంలో జిల్లా తరఫున ఆడిన మనిషి. తన షెడ్డు వెనక ఇసుక పోయించి, తెల్లవారకముందే ఊళ్లో ఆడపిల్లలను లేపి కూత పెట్టించేవాడు. ఒకసారి హైమ మోకాలు బెణికితే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బొబ్బిలి దాకా తొక్కాడు. హైమ ఆయన్ని మామా అని పిలిచేది. ఆ పిల్ల ఇప్పుడు రాష్ట్ర జట్టులో ఆడుతోంది.

ఒకరోజు పొద్దున్నే హైమ దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"నాన్నా! మేం జాతీయ పోటీల ఫైనల్‌కి వచ్చేశాం! ఆదివారం నాలుగింటికి! టీవీలో చూపిస్తారట నాన్నా!"

జగన్నాథం ఫోను పెట్టేసి పెరట్లో గబగబా తిరగడం మొదలుపెట్టాడు. పది చుట్లు తిరిగాడు. పదకొండో చుట్టులో భార్య సరోజిని అడ్డంగా నిలబడింది.

"టీవీ తెద్దామండి," అంది.

"ఊళ్లో టీవీలు లేవా? ఎవరింట్లోనో..."

"కనుక్కున్నాను. ఊళ్లో ఉన్నవన్నీ కేబుల్ టీవీలే. ఆ ఆటల చానల్ కేబుల్‌లో రాదట. డిష్ పెట్టిస్తేనే వస్తుందట. మన పిల్ల దేశమంతటికీ కనపడుతూ, మనకి కనపడకపోతే ఎలాగండీ?"

చేతి ఫోన్లలో ఇంకా బొమ్మలు కదలని రోజులవి. జగన్నాథం పన్నెండో చుట్టు తిరిగి వచ్చి, గొంతు తగ్గించి, "తెద్దాం. కానీ మూడో కంటికి తెలియకూడదు," అన్నాడు. ఆ మాట అనగానే ఆయనకు చిన్నపిల్లాడిలా ఉత్సాహం పుట్టుకొచ్చింది.

గురువారం సంత రోజు. ఊరంతా సంతకు పోతుంది. జగన్నాథం బడికి సెలవు పెట్టి బొబ్బిలి నుంచి డిష్‌లు బిగించే గఫూర్‌ను పిలిపించాడు. గఫూర్ పాతికేళ్లుగా రేడియోలూ టీవీలూ బాగుచేసిన మనిషి. టీవీని వరిపొట్టు బస్తాలో, డిష్‌ను చాపలో చుట్టి ఆటోలో దింపాడు.

"ఇల్లంతా సందడిగా ఉండాల్సిన రోజు, దొంగసొత్తు దించినట్టు దించమంటున్నారేమిటి మాస్టారూ?" అన్నాడు గఫూర్ నవ్వుతూ.

"మీరు బిగించండి చెప్తాను. వీధిలోకి మాత్రం కనిపించకూడదు."

గఫూర్ డాబా ఎక్కి అటూ ఇటూ చూశాడు. "దీనికి దక్షిణాన ఆకాశం కనపడాలండీ. మీ వీధేమో దక్షిణం వైపే ఉంది."

"ఆకాశానికి కనపడనివ్వండి. సూరమ్మకి కనపడకుండా ఉంటే చాలు."

సూరమ్మ పక్కింటామె. ఆవిడ కంట పడితే ఇక ఊరికి దండోరా అక్కర్లేదు. అందుకని జగన్నాథం ముందే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. సరోజిని చేత ఒక గోనెపట్టాను దిండు గలీబులా కుట్టించాడు. డిష్‌ను నీళ్ల ట్యాంకు పక్కన బిగించాక దానికి ఆ గోనె తొడిగి పురికొసతో బిగించి కట్టాడు. కింద నుంచి చూస్తే తాపీపనివాళ్లు వదిలేసి పోయిన గోనెమూటలా ఉంది. వైరును గోడ మూల వెంట దించి, దాని మీద గోడ రంగు సున్నమే పూశారు. టీవీని ధాన్యం గదిలో బస్తాల మధ్య పెట్టి దుప్పటి కప్పారు. ఆ పని చేస్తున్నంతసేపూ జగన్నాథం, సరోజిని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్లు అంత నవ్వలేదు.

గఫూర్ వెళ్లబోతూ ఒక మాట చెప్పాడు. "పొడి గోనె అయితే ఫరవాలేదు మాస్టారూ, బొమ్మ వస్తోంది, చూశారుగా. తడిస్తే మాత్రం రాదు. వాన పడితే తీసేయండి."

జగన్నాథం అలాగే అని తలూపాడు. సరిగ్గా అప్పుడే గోడ మీద నుంచి సూరమ్మ తల కనిపించింది. కాలు నొప్పి వల్ల ఆవిడ ఆ రోజు సంతకు పోలేదట!

"ఇందాక చాపలో తెచ్చారు, ఏటది మాస్టారూ? పెద్ద మూకుడులాగుంది?"

జగన్నాథం గబుక్కున డాబా వైపు చూశాడు. "అదా... సోలార్ పొయ్యి సూరమ్మా. ఎండతో వంట అయిపోతుంది," అన్నాడు.

"అలాగా! మా ఇంట్లో గ్యాసు అయిపోనాది. రేపు నా కందిపప్పు కూడా పెట్టేయండి బాబూ."

మర్నాడు పొద్దున్నే సూరమ్మ గిన్నె తెచ్చి ఇచ్చింది. సరోజిని తలుపు వేసుకుని, తన గ్యాసు పొయ్యి మీద ఆ పప్పు ఉడికించి, గిన్నెను కాసేపు ఎండలో పెట్టి తిరిగి ఇచ్చింది. సూరమ్మ రుచి చూసి, "ఎండకి ఉడికిన పప్పు రుచే వేరమ్మా!" అని వీధంతా చెప్పింది. శనివారం ఉదయానికి మరో ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలతో గుమ్మంలో నిలబడ్డారు.

"మీరు ఒక అబద్ధం ఆడితే నేను మూడిళ్లకి వండాల్సి వచ్చింది," అంది సరోజిని. అయినా ఆమెకూ నవ్వే వచ్చింది. ఆదివారం ఇంకా ఒక్కరోజు దూరం. ఇద్దరికీ కాలు నిలవడం లేదు.

శనివారం సాయంత్రం తవిటినాయుడు వచ్చాడు. చేతులకు గ్రీజు కూడా సరిగ్గా కడుక్కోలేదు. మొహం వెలిగిపోతోంది.

"హెడ్మాస్టారూ, విన్నారా? రేపు మన హైమ ఆట టీవీలో! బొబ్బిలిలో మా బావమరిది ఇంట్లో డిష్ ఉందండి. మీకూ టీవీ లేదు, నాకూ లేదు. రెండున్నర బస్సుకి ఇద్దరం పోదాం రండి."

ధాన్యం గది తలుపు పది అడుగుల దూరంలో ఉంది. జగన్నాథం ఆ తలుపు వైపు చూసి చప్పున కళ్లు తిప్పుకున్నాడు. మన ఇంట్లోనే చూద్దాం రా నాయుడూ అన్న మాట గొంతు దాకా వచ్చింది. తవిటినాయుడు రోజుకు వందమందితో మాట్లాడే మనిషి. ఈయనకు తెలిస్తే షెడ్డులో అందరికీ తెలుస్తుంది, షెడ్డుకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది అనుకున్నాడు.

"నాకు గుండెదడ నాయుడూ. ఆ ఆట నేను చూడలేను. నువ్వెళ్లి చూసొచ్చి చెప్పు," అన్నాడు.

తవిటినాయుడు జాలిగా చూశాడు. "పోనీలెండి. మీ బదులు కూడా నేనే చూసొస్తాను. పిల్ల ప్రతి అడుగూ మీకు ఆడి చూపిస్తాను," అని వెళ్లిపోయాడు.

సరోజిని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఈసారి ఆమె నవ్వలేదు. "ఆ మనిషి దగ్గర కూడానా?" అని మాత్రం అంది.

ఆదివారం మధ్యాహ్నం తవిటినాయుడు కొత్త చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని, వీధిలో కనపడిన ప్రతి ఒక్కరికీ చెప్పుకుంటూ జంక్షన్ వైపు పోయాడు. జగన్నాథం కిటికీ రెక్క సందులోంచి చూస్తూ ఉండిపోయాడు.

మూడుంపావుకు మబ్బు పట్టింది. మూడున్నరకు వాన మొదలైంది. నాలుగింటికి భార్యాభర్తలు ధాన్యం గది తలుపు గడియ వేసుకుని, బస్తాల మీద కూర్చుని, టీవీ గొంతు తగ్గించి పెట్టారు. బొమ్మ కాస్త గీతలు గీతలుగా వచ్చింది. రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి. ఒక్కొక్క మొహమే చూపిస్తున్నారు. ఏడో నంబరు చొక్కాలో హైమ!

"అదిగో! అదిగోనండీ! చిక్కిపోయింది!" అని సరోజిని భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. జగన్నాథం తెరకు ఇంకా దగ్గరగా జరిగాడు. కూతురు నేలకు దండం పెట్టి గీత మీద నిలబడింది. ఈల మోగింది.

బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి మాయమైంది. తెర మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు మిగిలాయి.

ఐదు నిమిషాలు చూశారు. వాన జోరు తగ్గి, మరో ఐదు నిమిషాలకు పూర్తిగా వెలిసింది. బొమ్మ మాత్రం రాలేదు.

"గోనె తడిసిందండీ. గఫూర్ గారు చెప్పారు కదా. వెళ్లి తీసేయండి."

జగన్నాథం కిటికీ తెరిచి చూశాడు. వాన వెలవగానే వీధి వీధంతా బయటికొచ్చింది. సూరమ్మ అరుగు తుడుచుకుంటోంది. నలుగురు మగవాళ్లు విద్యుత్ స్తంభం దగ్గర కబుర్లాడుతున్నారు.

"కాస్త ఆరనీ," అన్నాడు.

"అది ఆరేదాకా ఆట ఆగుతుందా?"

ఆయన కదల్లేదు. గడియారం చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడో వందల మైళ్ల అవతల తన పిల్ల ఊపిరి బిగబట్టి కూత కూస్తోంది. తను ఇక్కడ నల్లటి తెర ముందు కూర్చుని వీధిలో వాళ్లు ఎప్పుడు లోపలికి పోతారా అని ఎదురుచూస్తున్నాడు. అలా ఇంకో పది నిమిషాలు పోయాయి.

సరోజిని లేచి కత్తెర తీసుకుంది. "మీ మాట మీరు కాపాడుకోండి. నేను నా కూతుర్ని చూసుకుంటాను," అని చీర కుచ్చెళ్లు దోపుకుంది.

జగన్నాథం గబుక్కున లేచి ఆమె చేతిలోంచి కత్తెర అందుకున్నాడు. రెండేసి మెట్లు ఎక్కుతూ డాబా మీదికి పరుగెత్తాడు. గోనె నీళ్లు పీల్చి బరువుగా వేలాడుతోంది. పురికొస ముడి బిగుసుకుపోయింది. కోయబోతూ, ఎవరైనా చూస్తున్నారేమోనని అలవాటుగా ఒకసారి తలెత్తాడు.

డాబా మీద నుంచి జంక్షన్ దాకా రోడ్డు తిన్నగా కనిపిస్తుంది. అక్కడ టీ బడ్డీ చూరు కింద గొడుగు ముడుచుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒక లారీ వస్తుంటే ఆశగా చెయ్యి ఎత్తాడు. లారీ ఆగకుండా పోయింది. చెయ్యి దించేశాడు. దించి, మళ్లీ రోడ్డు వైపే చూస్తున్నాడు.

తవిటినాయుడు!

పైన ఊళ్లలో ముందే కురిసిన వానకు గెడ్డవాగు పొంగి రోడ్డు మీదికి వచ్చిందని, రెండున్నర బస్సు అసలు రానేలేదని జగన్నాథానికి తర్వాత తెలిసింది. అప్పటికి ఆయనకు కనపడింది ఒక్కటే. ఏడేళ్లు తెల్లవారుజామున లేచి తన పిల్లకు ఆట నేర్పిన మనిషి రెండు గంటలుగా రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఆ మనిషి చూడాల్సిన ఆట తన ఇంట్లో బస్తాల మధ్య దాగి ఉంది.

ఆయన ఇంక ఆగలేదు. కత్తెరతో పురికొస తెగ్గోసి గోనెను పీకి పారేశాడు. అది గిరగిరా తిరుగుతూ పోయి సూరమ్మ అరుగు ముందు చతికిలబడింది. తెల్లటి డిష్ వాన వెలిసిన వెలుగులో మెరిసింది. వీధిలో అందరూ తలలెత్తారు.

"మాస్టారూ, పొయ్యి మీది గోనె పడిపోనాది!" అని కేకేసింది సూరమ్మ.

"అది పొయ్యి కాదు సూరమ్మా! డిష్! మా ఇంట్లో టీవీ ఉంది!" అని డాబా మీద నుంచి జగన్నాథం గొంతెత్తి అరిచాడు. "నేను మీకు అబద్ధం చెప్పాను! టీవీలో మా హైమ ఫైనల్ ఆడుతోంది! అందరూ రండి! లోపలికి పోయి చూడండి!"

వీధి ఒక్క క్షణం బిత్తరపోయింది. అంతలోనే హెడ్మాస్టరు మెట్లు దిగి, చెప్పులు లేకుండా, లుంగీ పైకి కట్టుకుని బురదలో జంక్షన్ వైపు పరుగు తీశాడు. యాభై నాలుగేళ్ల ఆ పెద్దమనిషి పరుగెత్తడం సారవపేటలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"నాయుడూ! నాయుడూ! రా! మా ఇంట్లో టీవీ ఉంది!"

తవిటినాయుడికి ఏమీ అర్థం కాలేదు. "ఏటండీ? ఎక్కడి టీవీ? ఎప్పుడొచ్చింది?"

"గురువారం."

తవిటినాయుడి మొహంలో వెలుగు తగ్గింది. "నిన్న నేను వచ్చినప్పుడు... ఉందా?"

"ఉంది," అన్నాడు జగన్నాథం. అంతకంటే కష్టమైన మాట ఆయన జీవితంలో ఎప్పుడూ అనలేదు.

తవిటినాయుడు తడిసిన గొడుగు నీళ్లు దులిపాడు. తిడతాడేమో అనుకున్నాడు జగన్నాథం. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"స్కోరెంత?" అని అడిగాడు తవిటినాయుడు.

"తెలియదు."

"అయితే ఇంకా ఇక్కడేం చేస్తున్నామండీ? పదండి!"

ఇద్దరూ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ధాన్యం గది పట్టనంత జనం. మగవాళ్లు బస్తాల మీదకు ఎక్కి కూర్చున్నారు. ఇలా కాదని సరోజిని టీవీని వసారాలోకి తెప్పించింది. వైరు చాలకపోతే గోడ మూల నుంచి ఊడబెరికారు. నీటుగా పూసిన సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

బొమ్మ అద్దంలా వచ్చింది. రెండో సగం నడుస్తోంది. ఇరవై రెండు, ఇరవై రెండు! ఇంకా ఏడు నిమిషాలు!

తవిటినాయుడు టీవీకి మూరెడు దూరంలో గొంతుక్కూర్చున్నాడు. హైమ కూతకు వెళ్లిన ప్రతిసారీ ఆయన భుజాలు ఆమెతో పాటే కదిలాయి. "ఎడమ కాలు... ఎడమ కాలు ముందుకెయ్యి తల్లీ... వెనక్కి, వెనక్కి వచ్చేయ్!" అని గొణుగుతున్నాడు. అవతలి జట్టుకు ఒక పాయింటు వస్తే వసారా నిట్టూర్చేది. మనకు ఒకటి వస్తే పైకప్పు ఎగిరిపోయేలా అరిచేది. సూరమ్మకు ఆట నియమాలేవీ తెలియవు. అయినా అందరికంటే ముందు ఆవిడే అరిచేది.

ఆఖరి నిమిషం. ఇరవై ఏడు, ఇరవై ఏడు. హైమ కూతకు వెళ్లింది. ఒక పిల్ల భుజాన్ని వేలితో తాకి వెనక్కి తిరిగింది. ఇద్దరు ఆమె చీలమండ పట్టుకుని లాగేశారు. హైమ బోర్లా పడింది. కూత ఆపలేదు. మధ్యగీత జానెడు దూరంలో ఉంది. ఆమె ఒళ్లంతా సాగదీసి చెయ్యి చాపింది. వేలికొస గీత దాటింది!

ఈల మోగింది. వసారా పేలిపోయింది. తవిటినాయుడు లేచి జగన్నాథాన్ని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. సరోజిని ఏడుస్తూ నవ్వుతూ డబ్బాలో ఉన్న బెల్లమంతా తెచ్చి అందరి నోళ్లలో పెట్టింది. ఆ సందట్లోనే సూరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "అయితే నా కందిపప్పు ఎక్కడ ఉడికినట్టమ్మా?" అని అడిగింది. "మా గ్యాసు మీదే సూరమ్మా," అంటే, "అందుకే అంత బాగుంది!" అని పకపకా నవ్వేసింది. టీవీ పెట్టుకున్నందుకు హెడ్మాస్టారిని ఒక్కరంటే ఒక్కరు కూడా వేలెత్తి చూపలేదు.

కాసేపటికి ఫోను మోగింది. హైమ!

"నాన్నా, గెలిచాం! మామ ఉన్నాడా అక్కడ? ఫోను మామకివ్వు ముందు!"

అందరికీ వినపడేలా పెట్టి తవిటినాయుడి చేతికిచ్చాడు జగన్నాథం.

"మామా! మొదటి సగంలో నేను ముగ్గుర్ని ఒక్క కూతలో అవుట్ చేశాను కదా! నువ్వు నేర్పిన ఆ మలుపే! షెడ్డు వెనక నాకు రాక రోజూ ఏడ్చేదాన్నే, అదే! చూశావా మామా?"

మొదటి సగం అక్కడ ఎవరూ చూడలేదు. తవిటినాయుడు జగన్నాథం వైపు ఒకసారి చూశాడు. ఆ తండ్రి మొహం చూసి, "చూశానమ్మా. ఎందుకు చూడనూ?" అన్నాడు.

జగన్నాథం ముందుకు వంగి ఫోను అందుకున్నాడు. వీధి వీధంతా వింటోందని ఆయనకు తెలుసు.

"చూడలేదమ్మా. మామ అది చూడలేదు. ఇంట్లో టీవీ పెట్టుకుని, పరువు పోతుందని గోనె కప్పి దాచాను. మామ వచ్చి అడిగితే అబద్ధం చెప్పి రోడ్డు మీద నిలబెట్టాను. ఎనిమిదేళ్ల కిందట నేనన్న మాట తొందరపాటు మాట. దాన్ని నిలబెట్టుకోవాలని ఇంత తప్పు చేశాను."

"సరే, ఫోను మామకివ్వు నాన్నా," అంది అవతల నుంచి హైమ.

తవిటినాయుడు ఫోనును చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆ కూతలో తను వేసిన ప్రతి అడుగూ హైమ ఆయనకు వరసగా చెప్పింది. ఆయన తలూపుతూ, మధ్యమధ్య "ఊ... ఊ... అప్పుడు కుడిపక్కకి తిరిగావా?" అని అడుగుతూ విన్నాడు. అంతా విన్నాక కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఎంత బాగా చెప్పినా అది విన్న ఆటే. ఆ మూడు పాయింట్లను తవిటినాయుడు కళ్లారా చూసే అవకాశం మళ్లీ ఎన్నడూ రాలేదు.

మన మాట తప్పని మనకే తెలిసినప్పుడు నలుగురిలోనే దాన్ని దిద్దుకోవాలి. పరువు కోసం దాచిపెడితే, ఆ నష్టం మనకన్నా ముందు మనల్ని నమ్మినవాళ్లకే తగులుతుంది.